పలకరింపు చోటు మారింది
(సింహాచలం దేవస్థానానికి బహిరంగ లేఖ)

శ్రీ వరాహ లక్ష్మీనృసింహ స్వామివారి దేవస్థానం కార్యనిర్వహణాధికారి గారికి, ధర్మకర్తల మండలి వారికి

పాతకాలపు మర్యాద పలకరింపులు ఈనాటికీ వాడుకలో ఉన్నాయి. అయితే అవి పుట్టినచోట లేవు. వీధి అరుగు మీద వినిపించిన మాట శుభలేఖ మీదికి ఎక్కింది. ఉత్తరం చివర రాసిన మాట అర్జీలో, సెలవు చీటీలో మాత్రమే మిగిలింది. కొన్ని మాటలు మనుషుల మధ్య చెల్లక దేవుడి దగ్గరికి చేరాయి. ఇంకొన్ని పలకరింపు అన్న అర్థమే పోగొట్టుకుని విసుగు చూపడానికి పనికొస్తున్నాయి. ఈ కదలిక సింహాచలంలో తెలిసినంత తేటగా మరోచోట తెలియదు. కొండ మీద తొమ్మిది వందల ఏళ్ళ నాటి మర్యాద రాతిలో చెక్కి ఉంది. కొండ కింద ఓడరేవు, ఉక్కు కర్మాగారం, నౌకాదళం, రైల్వే కాలనీలు తెచ్చిపెట్టిన పలకరింపులు ఉన్నాయి. విశాఖలో ఇన్ని రకాల మనుషులు ఒకే వరసలో నిలబడే చోటు సింహాచలం అప్పన్న గుడి. ఆ వరసలో ఉన్నవారి చెవిన పడే మొదటి మాట ఏదై ఉండాలి అన్నది చిన్న సంగతి కాదు. అందుకే ఈ లేఖ దేవస్థానం పేర.

ముందుగా రాతి మాట. ఆలయం గోడల మీదా స్తంభాల మీదా వందల శాసనాలున్నాయి. వాటిలో బాగా పాతది చోళ కులోత్తుంగుడి కాలానిది, 1098-99 ప్రాంతపుది. 13వ శతాబ్దంలో తూర్పు గాంగరాజు మొదటి నరసింహదేవుడి హయాంలో గుడిని తిరిగి కట్టిన సంగతీ, 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో ఇటు వచ్చి స్వామికి నగలు సమర్పించిన సంగతీ ఈ రాళ్ళు చెబితేనే తెలిశాయి. ఆ కాలపు తెలుగు, సంస్కృత శాసనాలు చాలావరకు ‘స్వస్తిశ్రీ’ అనే మొదలవుతాయి. స్వస్తి అంటే మేలు కలగాలని. శకవర్షం, తిథి, రాజు బిరుదులు, దానం వివరాలు అన్నీ ఆ తర్వాతే. రాజైనా సరే తన పేరు చెప్పుకునే ముందు మేలు కోరాలి. రాయి ముందు నిలబడి చదివేది ఎవరో చెక్కినవాడికి తెలియదు, అయినా ఆ మేలు వారికీ అందుతుంది. పలకరింపులో ఉండే పెద్దమనసు ఇదే.

ఆ ‘స్వస్తిశ్రీ’ రాతి మీది నుంచి తాటాకు మీదికి, తాటాకు మీది నుంచి కాగితం మీదికి దిగింది. నేటికీ పెళ్ళి శుభలేఖలో ‘స్వస్తిశ్రీ చాంద్రమాన’ అన్న తర్వాతే సంవత్సరం పేరు వస్తుంది. పైన ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ ఉంటుంది. వరుడి పేరు ముందు ‘చి.’, వధువు పేరు ముందు ‘చి.ల.సౌ.’ ఉంటాయి. చిరంజీవి, లక్ష్మీ సౌభాగ్యవతి అన్న మాటలకు అవి పొట్టి రూపాలని చాలామంది పెళ్ళికొడుకులకు తెలియకపోవచ్చు, కానీ అవి లేని శుభలేఖను పెద్దలు ఒప్పుకోరు. చందన తాంబూలాది సత్కారాలు అందుకొమ్మన్న పిలుపు ఇప్పుడు ఫోన్‌కు వాట్సాప్‌లో వస్తోంది. మాటలు మాత్రం తాతల నాటివే. రోజూ నోట పలికే తెలుగుకూ ఆ తెలుగుకూ మధ్య ఎంత దూరమున్నా, పెళ్ళి అనేసరికి ఆ దూరమే మర్యాదగా తోస్తుంది.

ఉత్తరాల కథ వేరు. ఒకప్పుడు ఉత్తరానికి నాలుగు అంగాలు. ‘మ.రా.రా.శ్రీ’ అని, అంటే మహారాజ రాజశ్రీ అని, పెద్దవారి పేరు ఎత్తుకోవడం ఒకటి. తండ్రి పాదపద్మాలకు నమస్కరించి కొడుకు రాసే విశేషాలు అని చెప్పడం రెండు. ఇక్కడ అందరమూ క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను అన్న ఉభయకుశలోపరి మూడు. చివర ‘ఇట్లు, తమ విధేయుడు’ అన్నది నాలుగు. ఇప్పటివారికి ఇదంతా ఊకదంపుడులా కనిపించవచ్చు. కానీ ఉత్తరాంధ్ర నుంచి వేలాది మంది కూలీలు స్టీమరెక్కి రంగూన్ వెళ్ళిన రోజుల్లో, చదువు రానివాడు చదువు వచ్చినవాడి చేత ఇంటికి ఉత్తరం రాయించుకునేటప్పుడు, ఈ అచ్చు పోసిన మాటలే అతనికి ఆసరా. ఏం రాయాలో తోచనివాడికి, మనసులోది పరాయివాడి ముందు చెప్పుకోలేనివాడికి ‘క్షేమం’ అన్న ఒక్క మాటలో అంతా ఇమిడేది. ఇంటి దగ్గర ఆ ఉత్తరాన్ని మరొకరు చదివి వినిపించేవారు. ఇద్దరు నోరులేనివారి మధ్య ఆ పాత మర్యాదే వంతెన కట్టింది. తంతి తపాలా కూడా ఇదే పని చేసింది. శుభాకాంక్షల తంతికి అచ్చయిన వాక్యాల జాబితా ఉండేది, ఒక్కో వాక్యానికి ఒక అంకె. అంకె చెబితే చాలు, అవతలి ఊళ్ళో వాక్యం మొత్తం అందేది. 2013 జులైలో తంతి సేవ ఆగిపోయింది. ఇన్‌లాండ్ కవరు నీలం రంగు కూడా ఇళ్ళలో కనిపించడం మానేసింది. ఉత్తరం నాలుగు అంగాల్లో ఇప్పుడు బతికున్నది ‘ఇట్లు’ ఒక్కటే. అదీ బడిపిల్లల సెలవు చీటీల్లో, కలెక్టరాఫీసుకు పెట్టే అర్జీల్లో.

పోయినవన్నీ విచారించదగినవి కావు. భర్త పోయిన స్త్రీ పేరు ముందు ‘గం.భా.స.’ అని రాసేవారు. గంగా భాగీరథీ సమానురాలు అన్నమాట. వినడానికి గొప్పగా ఉంటుంది, చేసిన పని మాత్రం ఆమె వైధవ్యాన్ని ప్రతి కవరు మీదా చాటడం. ఈ మాట దాదాపు కనుమరుగైంది, ఆ పోవడం మంచిదే. గుళ్ళలో దాతల పేర్లు చెక్కించే పలకల మీద, రసీదుల మీద, గోత్రనామాలు రాసుకునే పుస్తకాల్లో ఇలాంటి పాత ముద్రలు ఎక్కడున్నా తిరగరాయించడం మేలు. ‘గారు’ అన్న ఒక్క మాట ఆడవారికీ మగవారికీ, పెళ్ళయినవారికీ కానివారికీ, అధికారికీ కూలీకీ సరిపోతుంది. ఈ లేఖ పైన ఉన్న సంబోధన కూడా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

మాటల్లోని పలకరింపుకు వస్తే, ‘నమస్కారం’ వాడుకలో ఉంది, కానీ దాని హద్దులు స్పష్టం. కొత్తవారికి, వయసులో పెద్దవారికి, సభకు, రేడియో శ్రోతలకు, ఆఫీసులో బల్లకు అవతల కూర్చున్నవారికి నమస్కారం. ఇంట్లో మాత్రం లేదు. పొద్దున్నే లేచిన కొడుకుతో తల్లి నమస్కారం అనదు, ‘లేచావా, మొహం కడుక్కో’ అంటుంది. భర్త భార్యతో నమస్కారం అన్నాడంటే ఆ ఇంట్లో ఏదో తగవు నడుస్తోందని అర్థం. అంటే ఈ మాట దూరాన్ని కొలుస్తుంది. దూరం లేనిచోట తెలుగువారికి విడిగా పలకరింపు మాటే లేదు. ‘గుడ్ మార్నింగ్’కు బదులుగా చేసుకున్న ‘శుభోదయం’ అందుకే ఎవరి నోటా పట్టలేదు. పువ్వు బొమ్మ మీద అచ్చయి ఫోన్ల మధ్య తిరుగుతుంది, టీవీ వ్యాఖ్యాత పలుకుతారు. ఎదురింటావిడతో ‘శుభోదయమండీ’ అన్నవారు మాత్రం అరుదు.

‘నమస్తే’లో ‘తే’ అంటే నీకు. ఏకవచనం. మీకు అనాలంటే సంస్కృతంలో ‘వః’ అనాలి. ఆ సంగతి పట్టించుకోకుండా తెలుగువారు ‘నమస్తే’కు ‘అండీ’ తగిలించి ‘నమస్తేనండీ’ చేసేశారు. సంస్కృతం ఇవ్వని గౌరవాన్ని తెలుగు ఆ చివరి రెండక్షరాలతో ఇచ్చింది. తెలుగు మర్యాద మాటలో కాక మాట చివర ఉంటుందన్నదానికి ఇంతకంటే మంచి రుజువు దొరకదు.

సంస్కృత మర్యాదలో మరో కఠినమైన పద్ధతి కూడా ఉండేది, దాన్ని దాటవేయకూడదు. పెద్దలకు అభివాదం చేసేవాడు తన ఋషులను, గోత్రాన్ని, సూత్రాన్ని, శాఖను, పేరును చెప్పుకుని ‘అభివాదయే’ అంటాడు. వైదిక కుటుంబాల్లో ఉపనయనమైన పిల్లలకు ఇది ఇప్పటికీ నేర్పుతారు. సింహాచలంలోనూ వినిపిస్తుంది. పెద్దవారు తిరిగి దీవించేటప్పుడు ఆ పేరు చివరి అచ్చును సాగదీసి పలకాలి. ఆ సాగదీతను వ్యాకరణం ప్లుతం అంటుంది. పాణిని అష్టాధ్యాయిలో ఎనిమిదో అధ్యాయం రెండో పాదంలో 83వ సూత్రం దీని గురించే. ఆ సూత్రంలోనే శూద్రులకు ఈ సాగదీత లేదన్న మినహాయింపు ఉంది. పతంజలి తన మహాభాష్యం మొదట్లో, వ్యాకరణం చదవడానికి ఉన్న ప్రయోజనాల్లో ఒకటిగా దీన్నే చెప్పాడు. ప్రతినమస్కారంలో పేరును ప్లుతంగా పలకడం తెలియనివారిని, ఆడవారిని పలకరించినట్టు మామూలు మాటతో పలకరిస్తే చాలట. ఆ గతి పట్టకూడదంటే వ్యాకరణం చదవమన్నాడు. ఒక అచ్చును మూడు మాత్రల సేపు నిలపడం, నిలపకపోవడం అన్నదానితో మనిషి స్థాయి తేలిపోయేది. పాత పలకరింపులను నిలబెట్టాలనేవారు ఈ సంగతిని మరిచిపోతే, తాము దేన్ని నిలబెడుతున్నామో తెలియకుండానే నిలబెట్టినట్టవుతుంది.

తెలంగాణ దొరల గడీల ముందు ‘బాంచెను, నీ కాల్మొక్త’ అన్నది కూడా ఒకప్పటి మర్యాద పలకరింపే. దాన్ని ఏ భాషా పండితుడూ రద్దు చెయ్యలేదు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం దాని నడుం విరిచింది. ఇటువైపు జమీందారీ సీమలో ‘చిత్తం’, ‘తమ సముఖానికి’ అన్న మాటలు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత మెల్లగా రాలిపోయాయి. అదే తెలంగాణలో శరణార్థి అన్న మాట మాత్రం ‘శనార్తి’గా బతికింది, ఈ మధ్య టీవీ వార్తల్లోకి ఎక్కి యువతరం నోట కూడా ఆడుతోంది. ఒకటి ఎందుకు పోయింది, ఒకటి ఎందుకు నిలిచింది అంటే జవాబు కష్టం కాదు. కాల్మొక్త అనవలసింది ఎప్పుడూ ఒక్కరే. శనార్తి ఇద్దరూ అనవచ్చు. ఎవరు ముందు అన్నా చెల్లే పలకరింపుకే ఆయుష్షు ఎక్కువ.

ఉత్తరాంధ్రలో పాతకాలం నుంచి నలిగిన మాట ‘దండం’. కర్రలా నేల మీద సాగిలపడే దండప్రణామం నుంచి వచ్చింది. పల్లెల్లో ముసలివారు ఇప్పటికీ ‘దండాలు బాబూ’ అని చేతులెత్తుతారు. పసిపిల్లలకు నేర్పే మొదటి మర్యాద కూడా ఇదే, జేజికి దండం పెట్టమని. అదే వయసులో అదే తల్లి ‘టాటా చెప్పు’ అని కూడా నేర్పుతుంది. రెండు చేతులు కలపడమూ ఒక చెయ్యి ఊపడమూ బిడ్డకు ఒకేసారి వస్తాయి. పెద్దయ్యాక చెయ్యి ఊపడం స్నేహితులకు మిగులుతుంది, చేతులు కలపడం దేవుడికి మిగులుతుంది. గోపాలపట్నం మీదుగా పోయే బస్సులో కొండ కనిపించగానే చెయ్యి కళ్ళకద్దుకునేవారిని చూస్తే, ఆ దండం ఇంకా ఎంత గట్టిగా ఉందో తెలుస్తుంది.

మనుషుల మధ్య మాత్రం దండం దారి తప్పింది. ‘నీకో దండం’ అంటే ఇక నీతో పడలేనని. ‘దూరం నుంచే దండం’ అంటే దగ్గరికి రానని. ‘తూర్పు తిరిగి దండం పెట్టు’ అంటే ఆ వస్తువు మీద ఆశ వదులుకోమని. సలాం కూడా ఇలాగే చెడింది. సలాం కొట్టడమంటే ఒదిగి బతకడమన్న అర్థం వచ్చింది. ‘జోహారు’ది ఇంకో దారి. జార్ఖండ్, ఒడిశా ఆదివాసులు నేటికీ ఒకరికొకరు ఎదురుపడితే జోహార్ అంటారు. తెలుగులో ఆ మాట చనిపోయినవారికి మాత్రమే మిగిలింది, అమరవీరుల స్తూపం దగ్గర పిడికిలెత్తి అనే మాటగా. ఒడిశా నుంచి అప్పన్న దర్శనానికి వచ్చే ఆదివాసీ భక్తుడు ఆ మాటతో పలకరిస్తే, ఇక్కడివారికి అది సంతాపసభ మాటలా వినిపిస్తుంది.

అన్నిటికంటే విచిత్రమైన ప్రయాణం ‘మొక్కు’ది. ఇది అచ్చతెలుగు నమస్కారం. తలవంచి చేతులు మోడ్చడమే మొక్కడం. ఇప్పుడు మనిషికి మనిషి మొక్కడు, దేవుడికే మొక్కుతాడు. మొక్కు అంటే వందనమూ అవును, దేవుడికి ఇచ్చిన మాటా అవును. సింహాచలంలో ఈ రెండో అర్థం నిండుగా బతికుంది. కోడెదూడను సమర్పించేవారు, తలనీలాలిచ్చేవారు, బిడ్డల కోసం గుడిలోని కప్పస్తంభాన్ని రెండు చేతులా కౌగిలించుకునేవారు, ఆషాఢ పున్నమికి ముందు కొండ అడుగున తొలి పావంచా (తొలి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ మొదలుపెట్టేవారు, అందరూ మొక్కు చెల్లించుకునేవారే. చెల్లించే ఆ మొక్కునే మొక్కుబడి అంటారు. అదే మాటను ఆఫీసులో, సభలో, వార్తాపత్రికలో వాడితే అర్థం తలకిందులవుతుంది. ‘మొక్కుబడిగా చేశారు’ అంటే మనసు లేకుండా, చెయ్యాలి కాబట్టి చేశారని. అరికాళ్ళు బొబ్బలెక్కేలా కొండ చుట్టూ నడిచినవారి మొక్కుబడీ, తల ఎత్తకుండా ‘ఊఁ, తరవాత ఎవరు’ అనే గుమస్తా మొక్కుబడీ ఒకే మాట కావడం తెలుగులో జరిగిన పెద్ద అన్యాయం. ఏ పలకరింపైనా ఎటు తిరగగలదో ఆ ఒక్క మాట చూపిస్తుంది.

పాత మర్యాద నిజంగా రోజువారీ వాడుకలో బతికున్నది ఎక్కడని వెదికితే జవాబు ఓడరేవు వైపు దొరుకుతుంది. ‘వందనం’ అన్నది సంస్కృతం నుంచి వచ్చిన గ్రాంథికమైన మాట. సాధారణ సంభాషణలో అది వందన సమర్పణకు పరిమితమైపోయింది. తెలుగు క్రైస్తవుల నోట మాత్రం అది సజీవం. ‘వందనాలండీ’ అని చర్చి గుమ్మంలోనే కాదు, కూరగాయల బండి దగ్గరా, ఫోన్ ఎత్తగానే కూడా అంటారు. పెద్దా చిన్నా తేడా లేదు, ముందు ఎవరన్నా ఫర్వాలేదు, బదులు కూడా వందనాలే. లండన్ మిషనరీ సొసైటీ వారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లో విశాఖపట్నంలో దిగి సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. తెలుగు క్రైస్తవుల భాష అలాంటి అనువాదాల ఒడిలో పెరిగింది. దళితవాడల్లో ఆ మాట వేళ్ళూనుకోవడం గమనించవలసిన విషయం. పాణిని సూత్రం మినహాయించినవారి పిల్లలే ఇవాళ సంస్కృత వందనాన్ని ఊరి పలకరింపుగా నిలిపారు. హార్బరు దగ్గర మూడు కొండల మీద వరుసగా చర్చి, దర్గా, వేంకటేశ్వరుడి గుడి ఉన్నాయి. ఒక కొండ కింద వందనాలు, ఒక కొండ కింద అస్సలాము అలైకుం, ఒక కొండ కింద నమస్కారం. మూడూ పాతవే, మూడూ నడుస్తున్నవే.

ఉక్కునగరం మరికొన్నిటిని కలిపింది. 1966 నాటి ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమం నుంచి, 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం దాకా దేశం నలుమూలల మనుషులు ఇక్కడికి చేరారు. షిఫ్టు మారే గేటు దగ్గర ‘నమస్తే సార్’, ‘కామ్రేడ్’, ‘లాల్ సలాం’, ‘ఏం గురూ’ అన్నీ ఒకే నిమిషంలో వినిపిస్తాయి. నౌకాదళం వారి ‘జైహింద్’ సరేసరి. బడిలో యాభైమంది ఒకే గొంతుతో సాగదీసే ‘గుడ్ మార్నింగ్ టీచర్’ ఇంగ్లీషు మాటే అయినా పద్ధతిలో మాత్రం పాత గురుకులపు అభివాదమే. లేచి నిలబడడం, ఒకే స్వరం, తిరిగి దీవెన లాంటి ‘సిట్ డౌన్’.

ఇన్ని పలకరింపుల మధ్య, ఇవేవీ అక్కర్లేకుండా అందరూ వాడేది ఒకటుంది. అది చుట్టరికం. కొత్తవారిని పలకరించడానికి తెలుగువారు వరస కలుపుతారు. వయసు చూసి తాత, మామ్మ, బాబాయి, పిన్ని, అన్న, అక్క, తమ్ముడు, చెల్లెమ్మ. ఉత్తరాంధ్రలో అక్కను ‘అప్ప’ అనేవారు, కొడుకు వయసువాడిని ‘నాన్నా’ అనేవారు, ముక్కూమొహం తెలియనివాడిని కూడా ‘బాబూ’ అనేవారు ఇప్పటికీ ఉన్నారు. ‘మాస్టారూ’ అన్న మాటైతే బడితో నిమిత్తం లేకుండా కిళ్ళీకొట్టు దాకా వచ్చేసింది. ఈ మాటల్లో నమస్కారం అన్న పదం లేదు, అయినా గౌరవం ఉంది. అసలు సింహాచలంలో దేవుడి పిలుపే వరస పిలుపు. శాసనాల్లో, సంకల్పంలో ఆయన వరాహ లక్ష్మీనృసింహుడు. జనం నోట అప్పన్న. అప్ప, అన్న రెండూ ఇంటి మాటలే. ఆ పేరే కొడుకులకు అప్పన్న, అప్పలనాయుడు, అప్పలరాజు అనీ, కూతుళ్ళకు అప్పలనరసమ్మ అనీ, ఆడామగా ఇద్దరికీ సింహాచలం అనీ పెట్టుకున్నారు. ఏడాదిలో అక్షయతృతీయ ఒక్కనాడే నిజరూపం చూపించి మిగతా రోజులంతా చందనం చాటున ఉండే దేవుణ్ణి, దూరమన్నది లేకుండా పిలుచుకున్నారు. అంతకుమించిన మర్యాద ఏ గ్రాంథిక సంబోధనలోనూ లేదు.

వరస కలిపాక వచ్చేది ప్రశ్న. ‘బాగున్నారా’, ‘ఎప్పుడొచ్చారు’, ‘పిల్లలేరీ’, ‘భోంచేశారా’. సమాధానం కోసం అడిగేవి కావు ఇవి, అడగడమే పలకరింపు. ఇందులోనూ నియమాలున్నాయి. బయల్దేరినవారిని ‘ఎక్కడికి’ అని అడగకూడదు, అపశకునం. ‘ఎందాకా’ అనాలి. చుట్టం గుమ్మంలోకి వస్తే ‘రా’ అని ఊరుకోకూడదు, ‘రండి, దయచెయ్యండి’ అనాలి. చెంబుతో కాళ్ళకు నీళ్ళివ్వడం పోయింది, కుర్చీ చూపించి మంచినీళ్ళివ్వడం ఉంది. ‘దయచెయ్యండి’ కూడా పాత మాటే, కానీ శిలగా మారలేదు. ‘దయచేయుడు’ అన్న గ్రాంథిక రూపం ఆహ్వానపత్రంలో ఆగిపోయింది, ‘దయచెయ్యండి’ ఇంట్లో నిలబడింది. నోటి తెలుగుకూ రాతలోని తెలుగుకూ మధ్య ఉన్న అగాధాన్ని పూడ్చాలన్న వాడుకభాషా ఉద్యమం ఈ ప్రాంతంలోనే పుట్టింది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు, విశాఖ ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, బడుల ఇన్‌స్పెక్టరు యేట్స్ దొర 20వ శతాబ్దం మొదటి దశకంలో ఆ పోరును ఎత్తుకున్నారు. వారు అడిగినది మర్యాదను తీసెయ్యమని కాదు, మర్యాదను మనుషులు నిజంగా మాట్లాడే తెలుగులో ఉంచమని.

దేవస్థానాన్ని కోరేది కూడా అంతే. మైకులో వినిపించే మాట గ్రాంథికం కానక్కర్లేదు, ఆజ్ఞ కాకూడదు. ‘భక్తులు క్యూలైనులో ఉండవలెను’ అన్నదానికీ ‘అమ్మా, అయ్యా, కాస్త వరసలో దయచెయ్యండి’ అన్నదానికీ పట్టే సమయంలో తేడా లేదు. టికెట్ల గవాక్షం దగ్గర, సత్రం గదుల దగ్గర, ఫోనులో మొదటి మాట ‘నమస్కారమండీ’ కావాలి, అదీ ముందుగా కుర్చీలో ఉన్నవారి నోటి నుంచి రావాలి. ఎదుటివారు నమస్కరించాక తల ఊపడం బదులు కాదు. వయసులో పెద్దవారిని ‘ఏయ్, జరుగు’ అనకుండా ‘తాతగారూ’, ‘మామ్మగారూ’ అని వరస కలిపి పిలిచేలా కొత్తగా చేరే సిబ్బందికి, వాలంటీర్లకు ఒక పూట నేర్పితే చాలు. చందనోత్సవం, గిరిప్రదక్షిణ రోజుల్లో లక్షలమంది వస్తారు, అప్పుడు తొందర తప్పదు. ఆ రోజుల్లోనే గొంతు మెత్తగా ఉండాలి. ఒడియాలో, హిందీలో కూడా పలకరింపు పలకలుండాలి. శాసనం చెక్కినవాడు ముందు స్వస్తి రాశాక విషయం రాసినట్టు, ప్రతి పలక మీద మొదటి పంక్తి పలకరింపై ఉండాలి, నిషేధాలు దాని కిందికి రావాలి.

వీడ్కోలు మాటను కూడా చేర్చుకోవాలి. తెలుగులో ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్ళొస్తాను’ అంటారు. ‘పో’ అనరు, ‘వెళ్ళిరా’ అంటారు. పెళ్ళిలో, బస్సుస్టాండులో కూడా ఈ పద్ధతి చెక్కుచెదరలేదు. చావింట్లో మాత్రం వెళ్ళొస్తానని చెప్పకుండానే లేచి వెళ్తారు, అక్కడికి మళ్ళీ అలాంటి పని మీద రాకూడదు కనుక. ఇంగ్లీషు ‘బై’ పిల్లల నోట ఎంత నలిగినా, తల్లి గుమ్మం దాకా వచ్చి అనేది ‘జాగ్రత్తగా వెళ్ళిరా నాన్నా’ అనే. కొండ దిగే ఘాట్‌రోడ్డు చివర, మెట్లదారి చివరి మెట్టు దగ్గర ధన్యవాదాలు అన్న పలక అక్కర్లేదు. ‘వెళ్ళి రండి’ అని రాస్తే సరిపోతుంది.

ఇట్లు,
స్వామివారి భక్తులలో ఒకరు
సింహాచలం